ఊరి ప్రయోగశాల: తక్కువ ఖర్చుతో జీవశాస్త్ర గది ఎలా పెట్టుకోవచ్చు?

శనగ విత్తే ముందు ఆళ్లగడ్డ రైతు అంగడికి వెళ్లి ట్రైకోడెర్మా పొడి కొంటాడు. ట్రైకోడెర్మా ఒక శిలీంధ్రం (బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి). శనగకు ఎండుతెగులు తెచ్చేది కూడా శిలీంధ్రమే. మేలు చేసే శిలీంధ్రాన్ని ముందే భూమిలో వేస్తే, కీడు చేసేది వేరు దాకా రాకుండా అడ్డుకుంటుంది. పొడిలో ఉన్న జీవి బతికి ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. అది బతికుందో లేదో పొట్లం చూస్తే తెలియదు. రైతు లేబుల్‌ను నమ్మాలి, లేదా అంగడి యజమాని మాట నమ్మాలి.

నంద్యాల జిల్లాలో ఇలాంటి సందేహాలు చాలా ఉన్నాయి. జీవామృతం ఏ రోజు వాడితే ఎక్కువ ఫలితం? కొన్న విత్తనంలో ఎంత మొలుస్తుంది? చేతిపంపు నీళ్లలో మురుగు కలుస్తోందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి కోట్ల రూపాయల భవనం అక్కర్లేదు. ఒక గది, ఒక ప్రెషర్ కుక్కర్, ఒక సూక్ష్మదర్శిని, ఒక నోటుపుస్తకం, పని తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. ఆ గది ఎలా పనిచేస్తుందో, ఏం చెప్పగలదో, ఏం చేయకూడదో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏమిటిది, ఎక్కడ మొదలైంది?

విశ్వవిద్యాలయానికో కంపెనీకో చెందకుండా, కొందరు కలిసి పెట్టుకుని నడుపుకునే గదిని సామూహిక జీవశాస్త్ర ప్రయోగశాల అంటారు. దీన్ని ఇక ఊరి ప్రయోగశాల అనుకుందాం. ఇందులో పని చేయడానికి డిగ్రీ అడగరు. భద్రతా నియమాలు నేర్చుకోవాలి, వాటిని పాటించాలి. అంతే.

2008లో అమెరికాలోని బోస్టన్ దగ్గర కొందరు 'డీఐవై బయో' పేరుతో కలిశారు. మన చేతులతో మనమే జీవశాస్త్రం చేసుకుందామన్నది వాళ్ల ఆలోచన. 2010 డిసెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 'జెన్‌స్పేస్' అనే ప్రయోగశాల తెరుచుకుంది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 'బయోక్యూరియస్' వచ్చింది. 2011లోనే ఐరోపా, అమెరికా బృందాలు కూర్చుని తమకు తాము నైతిక నియమాలు రాసుకున్నాయి. శాంతియుతమైన పనే చేయాలి, చేసింది దాచకూడదు, భద్రత తప్పకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

మనకూ ఇలాంటి పునాది ఉంది. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక బడి పిల్లల దగ్గరికి, పల్లెల్లోకి సైన్సును తీసుకెళ్లింది. 'చెకుముకి' పత్రికతో, చెకుముకి సంబరాలతో పెరిగిన తరం ఈ జిల్లాలో కూడా ఉంది. సూక్ష్మజీవులతో నేరుగా పని చేసిన అనుభవం రైతులకూ ఉంది. శనగపచ్చ పురుగుకు మాత్రమే సోకే ఎన్‌పీవీ అనే వైరస్ ఒకటి ఉంది. పురుగులను పెంచి, వైరస్ పూసిన మేత పెట్టి, చచ్చిన పురుగులను నూరి, వడకట్టి చేను మీద చల్లుతారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఈ తయారీని రైతులకే నేర్పారు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్న నియమం పెట్టారు. ఊరి ప్రయోగశాలకు కావలసిన చేతులు ఊళ్లోనే ఉంటాయని ఈ రెండు అనుభవాలూ చెబుతున్నాయి.

ఇప్పుడే ఎందుకు?

మొదటి కారణం, సేద్యంలో బతికున్న సరుకు వాడకం పెరిగింది. ఎరువుల బస్తా ఎండలో ఉన్నా దానిలోని నత్రజని చచ్చిపోదు. ట్రైకోడెర్మా, సూడోమోనాస్, రైజోబియం అలా కాదు. అవి జీవులు. వేడి తగిలితే, గడువు దాటితే చస్తాయి. నంద్యాలలో ఎండాకాలం 43, 44 డిగ్రీలు మామూలు. రేకుల కప్పు కింద గోదాములో వేడి ఇంకా ఎక్కువ.

రెండో కారణం, ఈ ప్రాంతం విత్తనాల మీద బతుకుతోంది. నంద్యాల చుట్టుపక్కల విత్తనోత్పత్తి పెద్ద వ్యాపారం. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాంతీయ పరిశోధనా స్థానం నంద్యాలలోనే ఉంది. 'నరసింహ' పత్తి, 'సూర్యనంది' కొర్ర, యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగ అక్కడ పుట్టినవే. కేసీ కాలువ కింద పండే నంద్యాల సోనా బియ్యానికి ఊరూరా పేరుంది. మంచి విత్తనం విలువ తెలిసిన చోట, దాన్ని పరీక్షించే నేర్పుకు కూడా విలువ ఉంటుంది.

మూడో కారణం, పరికరాలు చవకయ్యాయి. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం మందపాటి కాగితాన్ని మడిచి చేసే 'ఫోల్డ్‌స్కోప్' అనే సూక్ష్మదర్శినిని ప్రకటించింది. దాని విడిభాగాల ఖర్చు ఒక డాలరు లోపే. అది 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. అదే బృందం 2017లో కాగితం బిళ్ల, దారంతో నిమిషానికి లక్షా పాతిక వేల చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజ్‌ను (గిరగిరా తిప్పి బరువైన పదార్థాన్ని అడుక్కు దించే సాధనం) చేసింది. బొత్తం రంధ్రాల్లో దారం దూర్చి లాగి వదిలే పిల్లల ఆటలోని సూత్రమే అందులోనూ ఉంది.

అసలు పనంతా శుభ్రతలోనే

జీవశాస్త్ర ప్రయోగశాలను మామూలు గది నుంచి వేరు చేసేది యంత్రాలు కావు. మనం పెంచదలచిన జీవి తప్ప మరో జీవి పెరగకుండా చూసే క్రమశిక్షణే దాన్ని ప్రయోగశాల చేస్తుంది. గాలిలో, చేతుల మీద, బల్ల మీద, నోటి తుంపరలో సూక్ష్మజీవులు ఉంటాయి. పోషకాలున్న జెల్లీ మూత తీసి పెడితే, మర్నాటికి అవన్నీ దాని మీద పొలం వేసుకుంటాయి. అప్పుడు కనిపించినది పొట్లంలోదో గాలిలోదో చెప్పలేం.

దీన్ని మూడు దశల్లో ఆపుతారు. మొదటిది శుద్ధీకరణ (ఉన్న సూక్ష్మజీవులన్నీ చచ్చేలా వేడి చేయడం). నీళ్లు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కొన్ని బాక్టీరియాలు గట్టి పెంకు గల బీజాలుగా మారి ఆ వేడిని తట్టుకుంటాయి. ఆవిరిని బిగించి ఒత్తిడి పెంచితే 121 డిగ్రీల దాకా వెళ్లవచ్చు. ఆ వేడిలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచితే బీజాలూ చస్తాయి. ఆసుపత్రుల్లో దీనికి ఆటోక్లేవ్ వాడతారు. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్ మూత మీది బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి దగ్గర ఆవిరి వదులుతుంది. ఆ ఒత్తిడిలో వేడి కూడా దాదాపు అంతే ఉంటుంది. అందుకే పెద్ద కుక్కర్ ఒకటి ఈ గదిలో మొదట కొనవలసిన వస్తువు. లోపలి గాలి పూర్తిగా బయటికి పోయి ఆవిరి బలంగా వచ్చాక మాత్రమే బరువు పెట్టాలి. గాలి మిగిలితే ఒత్తిడి పెరిగినా వేడి అంత పెరగదు. వంటలో ఇది పెద్ద తేడా కాదు. ఇక్కడ పెద్ద తేడా.

రెండోది, గాలిని అదుపు చేయడం. సూక్ష్మజీవులు ఎక్కువగా దుమ్ము రేణువుల మీద ఎక్కి తిరుగుతాయి. గాలి కదలకపోతే దుమ్ము కిందికి దిగిపోతుంది. పెద్ద పారదర్శక ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి, ముందు వైపు చేతులు పట్టే రెండు రంధ్రాలు చేస్తే గాలి కదలని పెట్టె తయారవుతుంది. లోపల స్పిరిట్ గుడ్డతో తుడిచి, కాసేపు ఆగి పని మొదలుపెడతారు. తుడవడానికి 70 శాతం స్పిరిట్ వాడతారు. నూటికి నూరు శాతం గాఢమైనది ఇంకా బాగా పనిచేస్తుందని అనిపిస్తుంది. కానీ అది త్వరగా ఆవిరైపోతుంది. జీవి పైపొరను గట్టిపరచి లోపలికి దిగకుండా ఆగిపోతుంది. నీళ్లు కలిసినది మెల్లగా లోపలికి దిగి చంపుతుంది.

మూడోది, చేతి అలవాటు. మూత పూర్తిగా తీయకూడదు, ఓరగా ఎత్తాలి. తెరిచిన పళ్లెం మీదుగా చేయి పోనివ్వకూడదు. పని చేస్తూ మాట్లాడకూడదు. ఈ అలవాటు పుస్తకం చదివితే రాదు. తెలిసినవాళ్ల పక్కన నిలబడి నాలుగు వారాలు చేస్తే వస్తుంది. నిలబడి నేర్చుకోవడానికే కదా గది కావలసింది.

పోషకం, పళ్లెం, వేడి

సూక్ష్మజీవి పెరగాలంటే తిండి, తేమ, చోటు కావాలి. శిలీంధ్రాలకు ప్రపంచమంతా వాడే తిండి సులువైనది. 200 గ్రాముల ఉర్లగడ్డ (బంగాళదుంప) ముక్కలను ఉడికించి, వడకట్టిన నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజ్, 20 గ్రాముల అగర్ కలిపి లీటరుకు పెంచుతారు. అగర్ సముద్రపు నాచు నుంచి వచ్చే జెల్లీ పదార్థం. స్వీట్లలో వాడే చైనాగ్రాస్ అదే. నిఖార్సయిన పరీక్షలకు ప్రయోగశాల రకం కొనాలి, నేర్చుకునేవాళ్లకు చైనాగ్రాస్ చాలు.

ఈ అగర్ వాడకం వెనక ఒక వంటగది కథ ఉంది. 1881 ప్రాంతంలో జర్మనీలో రాబర్ట్ కోచ్ ప్రయోగశాలలో వాల్టర్ హెస్సె పనిచేసేవాడు. అప్పటి జెలటిన్ వేడికి కరిగిపోయి ప్రయోగాలు పాడయ్యేవి. ఇంట్లో పండ్ల జెల్లీలకు అగర్ వాడే ఆయన భార్య ఫ్యానీ హెస్సె దాన్ని వాడి చూడమని సూచించింది. అగర్ సుమారు 85 డిగ్రీల దాకా కరగదు. ఒకసారి కరిగాక 40 డిగ్రీల దాకా దిగితే తప్ప గడ్డకట్టదు. నంద్యాల లాంటి వేడి ఊళ్లకు ఇంతకంటే సరిపోయే పదార్థం లేదు.

వేడి విషయంలో మన పరిస్థితి చలి దేశాలకు తలకిందులు. వాళ్ల పుస్తకాల్లో థర్మోకోల్ పెట్టెలో బల్బు పెట్టి వేడి పెంచే పద్ధతి రాస్తారు. శిలీంధ్రాలకు 28 డిగ్రీలు బాగుంటుంది. ఆళ్లగడ్డలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ పెట్టె పనికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చల్లబరచడమే సమస్య. పాత ఫ్రిజ్‌కు చవకైన ఉష్ణ నియంత్రకం (అనుకున్న వేడి దగ్గర కరెంటు ఆపి మళ్లీ ఇచ్చే పరికరం) తగిలిస్తే ఆ నెలల్లోనూ 28 డిగ్రీలు నిలుస్తాయి. లేదా పనిని కాలానికి తగ్గట్టు పెట్టుకోవచ్చు. శనగ విత్తేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ట్రైకోడెర్మా పరీక్షలు సెప్టెంబరులో మొదలుపెడితే వాతావరణమూ అనుకూలిస్తుంది, ఫలితమూ సమయానికి అందుతుంది.

ఎంత ఖర్చవుతుంది?

ధరలు ఊరిని, కంపెనీని బట్టి మారతాయి. అందుకే ఇది ఉజ్జాయింపు లెక్క. పెద్ద కుక్కర్ మూడు నాలుగు వేలు. విద్యార్థులు వాడే సూక్ష్మదర్శిని ఐదు నుంచి ఎనిమిది వేలు. చిన్న బరువులు తూచే ఎలక్ట్రానిక్ కాటా వెయ్యి. గాజు గొట్టాలు, పళ్లేలు, పిపెట్లు (కొలిచి ద్రవం తీసే గొట్టాలు) నాలుగైదు వేలు. గాలి కదలని పెట్టె, స్పిరిట్ దీపం వంటివి రెండు వేల లోపు. పాత ఫ్రిజ్, ఉష్ణ నియంత్రకం కలిపి ఆరేడు వేలు. పోషక పదార్థాలు, రంగులు మూడు నాలుగు వేలు. ఏప్రన్లు, చేతి తొడుగులు, అగ్నిమాపకం, ప్రథమ చికిత్స పెట్టె మూడు నాలుగు వేలు. అన్నీ కలిపితే ముప్ఫై వేలకు అటూ ఇటూ అవుతుంది.

అసలు ఖర్చు మనిషిది. వారానికి మూడు రోజులైనా గదిలో ఉండి, నేర్పి, లెక్కలు చూసే ఒకరు కావాలి. నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో జీవశాస్త్రాలు చదివి ఇంటి బాధ్యతల వల్ల ఊళ్లోనే ఉండిపోయిన ఆడపిల్లలు ఎందరో. వాళ్ల చదువుకు ఊళ్లో పని లేదు. వాళ్లలో ఒకరికి ఈ పని అప్పగించవచ్చు. పరికరాలకు చందాలు ఇచ్చే దాతలు దొరుకుతారు. ఆ అమ్మాయి జీతానికి నెలనెలా ఎవరు ఇస్తారన్నది ముందే తేల్చుకోవాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకటి, బడి ఒకటి, కాలేజీ ఒకటి కలిసి పంచుకుంటే భారం తగ్గుతుంది. ఈ లెక్క తేలకుండా గది తెరిస్తే, రెండో ఏడాదికి కుక్కర్ మాత్రమే మిగులుతుంది.

మొదటి పని: పొట్లంలో జీవి బతికుందా?

ఊరి ప్రయోగశాల మొదట చేపట్టడానికి ట్రైకోడెర్మా లెక్క చక్కని పని. దేశంలో అమ్మే ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల బతికిన కణాలు ఉండాలన్నది ప్రమాణం. అన్ని లక్షలు లెక్కపెట్టలేం కనుక పలుచన చేస్తారు.

ఒక గ్రాము పొడిని 9 మిల్లీలీటర్ల శుద్ధమైన నీళ్లలో కలపాలి. ప్రమాణానికి సరిపడిన పొడి అయితే, ఇప్పుడు మిల్లీలీటరుకు సుమారు 2 లక్షలు ఉంటాయి. అందులో ఒక మిల్లీలీటరు తీసి మళ్లీ 9 మిల్లీలీటర్లలో కలిపితే 20 వేలు. మూడో గొట్టంలో 2 వేలు. నాలుగోదానిలో 200. ఐదోదానిలో 20. నాలుగు, ఐదు గొట్టాల నుంచి ఒక్కో మిల్లీలీటరు పళ్లెంలో పోసి, గోరువెచ్చని పోషక జెల్లీ కలిపి గడ్డకట్టనిస్తారు. బతికున్న ప్రతి కణం రెండు రోజుల్లో ఒక చుక్కగా పెరుగుతుంది. చచ్చిన కణం పెరగదు. చుక్కలను లెక్కపెట్టి వెనక్కి గుణిస్తే పొట్లంలో ఎన్ని బతికున్నాయో తెలుస్తుంది. నాలుగో గొట్టం పళ్లెంలో 200 రావలసిన చోట రెండే వస్తే, పొడిలో మిగిలింది నూరో వంతు.

ట్రైకోడెర్మా వేగంగా పాకుతుంది. అందుకే రెండు రోజులు దాటకుండా లెక్కపెట్టాలి. జెల్లీ శుద్ధి అయ్యాక చివర్లో కాస్త పులుపు ఆమ్లం కలిపితే బాక్టీరియా తగ్గి శిలీంధ్రం స్పష్టంగా కనిపిస్తుంది. పులుపును ముందే కలిపి ఉడికిస్తే అగర్ విరిగిపోయి గడ్డకట్టదు. ట్రైకోడెర్మా మొదట తెల్లటి నూగులా వచ్చి, మూడు నాలుగు రోజులకు పచ్చబడుతుంది. పెనిసీలియం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజులూ పచ్చగానే ఉంటాయి. సూక్ష్మదర్శినిలో పెనిసీలియం కుంచెలా, ఆస్పర్‌జిల్లస్ గుండ్రటి తలతో, ట్రైకోడెర్మా కొమ్మల చివర బుడ్డీల్లాంటి కణాలతో కనిపిస్తాయి. రంగు చూసి నిర్ణయించకూడదని అప్పుడు అర్థమవుతుంది.

ఈ పరీక్షకు ప్రాణం పోలిక పళ్లేల్లో ఉంది. ప్రతిసారీ మూడు అదనపు పళ్లేలు పెట్టాలి. ఒకదానిలో శుద్ధమైన నీళ్లు మాత్రమే పోస్తారు. అందులో ఏదైనా మొలిస్తే మన నీళ్లో జెల్లీయో చెడింది. రెండోదాన్ని పని చేసినంతసేపు ఊరికే తెరిచి ఉంచుతారు. అది గాలి సంగతి చెబుతుంది. మూడోదానిలో మంచిదని ముందే తెలిసిన ట్రైకోడెర్మా వేస్తారు. అదీ పెరగకపోతే మన పోషకంలోనే లోపం ఉంది. ఈ మూడూ లేకుండా 'పొట్లం చచ్చింది' అని ప్రకటిస్తే అది పుకారు. మూడూ ఉంటే అది కొలత.

ఫలితం దేనికి పనికొస్తుంది? తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, కొన్నప్పుడు సరుకు ఉన్న చోటి వేడి, వచ్చిన లెక్క వరసగా రాసిపెట్టాలి. రెండు మూడు సీజన్లకు ఒక క్రమం కనిపిస్తుంది. ఏ నెలలో వచ్చిన సరుకు బాగుంది, గోదాములో ఎన్ని వారాలకు సగం పడిపోయింది అన్నది తెలుస్తుంది. అప్పుడు రైతు సంఘం తాజా సరుకును నేరుగా తెప్పించుకుని నీడలో నిలవ చేయవచ్చు. రెండు కిలోల పొడిని 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి మాగబెట్టి ఎకరాకు వేయమని వ్యవసాయ శాఖ ఏళ్లుగా చెబుతోంది. మాగిన ఎరువులో శిలీంధ్రం నిజంగా పెరిగిందా అన్నదీ ఇదే పద్ధతిలో చూడవచ్చు. తేమ తక్కువై పెరగకపోతే, చల్లక ముందే తెలుస్తుంది.

విత్తనం, నీళ్లు, జీవామృతం

మొలక పరీక్ష అన్నిటికంటే సులువు. తడి కాగితంలో వరసగా విత్తనాలు పేర్చి చుట్టి నిలబెడతారు. ధ్రువీకరణ ప్రమాణం ప్రకారం శనగ కనీసం 85 శాతం, వరి 80 శాతం మొలవాలి. శనగకు ఎనిమిది రోజులు, వరికి పద్నాలుగు రోజులు చూస్తారు. కష్టమంతా నమూనా తీయడంలో ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు, ఎందుకంటే కుండలో వేడి అంతటా ఒకటే. బస్తాల సంగతి అలా ఉండదు. అడుగున తేమ తగిలి ఉండవచ్చు, ఒక బస్తా పాతది కావచ్చు. అందుకే వేర్వేరు బస్తాల పై, మధ్య, అడుగు భాగాల నుంచి తీసి కలిపి, అందులోంచి వందేసి చొప్పున నాలుగుసార్లు, మొత్తం 400 గింజలు పరీక్షిస్తారు. నాలుగుసార్ల ఫలితాలూ ఒకదానికొకటి దగ్గరగా వస్తే కొలతను నమ్మవచ్చు.

నీళ్ల పరీక్షకు మన దేశంలోనే పుట్టిన పద్ధతి ఉంది. 1982లో భారతీయ శాస్త్రవేత్తలు హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్షను ప్రచురించారు. పోషకం, ఇనుప లవణం తాగించి ఎండబెట్టిన కాగితం ముక్క చిన్న సీసాలో ఉంటుంది. నీళ్లు పోసి వెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచుతారు. మలంతో కలిసి వచ్చే కొన్ని బాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు విడుస్తాయి. అది ఇనుముతో కలిసి నల్లటి పదార్థమవుతుంది. సీసా నల్లబడితే ఆ నీళ్లను కాచి తాగాలి, బోరు దగ్గర మురుగు ఎక్కడ కలుస్తోందో వెతకాలి. నల్లబడనంత మాత్రాన నీళ్లు మంచివని కాదు. ఫ్లోరైడ్, నైట్రేట్ ఇందులో తెలియవు. వాటికి రసాయన పరీక్ష వేరే ఉంది.

జీవామృతం విషయంలో ఊరి ప్రయోగశాల ఒక పాత వాదనకు అంకెలు ఇవ్వగలదు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, పశువుల మూత్రం, బెల్లం, పప్పుధాన్యం పిండి, గుప్పెడు మట్టి కలిపి నానబెట్టాక ఏ రోజు వాడాలన్నదానిపై ఊరికో మాట ఉంటుంది. రోజుకొక నమూనా తీసి పలుచన చేసి పళ్లేల్లో వేస్తే, జీవుల సంఖ్య ఏ రోజు పెరిగి ఏ రోజు పడిపోయిందో గీత గీయవచ్చు. ఎండాకాలం గీత, చలికాలం గీత ఒకటి కావు. సంఖ్య పెరిగినంత మాత్రాన దిగుబడి పెరుగుతుందని తేల్చలేం. దానికి చేనులో వేసిన మడి, వేయని మడి పక్కపక్కన కావాలి. గదిలో మొదలైన ప్రశ్న అలా చేనులోకి వెళ్తుంది.

డీఎన్‌ఏ పరీక్ష ఎప్పుడు?

చాలామంది ఊరి ప్రయోగశాల అనగానే పీసీఆర్ యంత్రం గురించి అడుగుతారు. పీసీఆర్ అంటే డీఎన్‌ఏలో మనకు కావలసిన చిన్న భాగాన్ని కోట్ల నకళ్లుగా పెంచే పద్ధతి. 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి. 55 డిగ్రీల ప్రాంతంలో చిన్న గుర్తు ముక్కలు వాటికి అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఎంజైము కొత్త పోగును అల్లుతుంది. ఒక్కో చుట్టుకు నకళ్లు రెట్టింపవుతాయి. 30 చుట్లకు ఒకటి 107 కోట్లవుతుంది. 1983లో దీన్ని కనిపెట్టిన కేరీ మలిస్‌కు 1993లో నోబెల్ వచ్చింది.

ఈ పద్ధతి మన పొలానికి దూరమైనదేమీ కాదు. నంద్యాల సోనాగా పండే బీపీటీ 5204 (సాంబ మసూరి) వరికి బాక్టీరియా ఎండాకు తెగులు బెడద ఉంది. హైదరాబాద్ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు మామూలు సంకరం చేస్తూనే, ఏ మొక్కలో తెగులును తట్టుకునే మూడు జన్యువులూ వచ్చాయో డీఎన్‌ఏ గుర్తులతో ఏరుకున్నారు. అలా 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి' వచ్చింది.

అయినా మొదటి రెండేళ్లు పీసీఆర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. యంత్రం సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. ఎంజైము మాత్రం సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉండాలి. కరెంటు పోయి రెండుసార్లు కరిగితే దాని బలం తగ్గుతుంది. పైగా శుభ్రత అలవడని చేతుల్లో ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది. ఒక చుక్క తుంపర చాలు, లేని డీఎన్‌ఏ ఉన్నట్టు చూపించడానికి. అప్పటిదాకా పిల్లలకు మహానంది అరటిపండుతో డీఎన్‌ఏ చూపించవచ్చు. గుజ్జులో గిన్నెలు తోమే సబ్బు, ఉప్పు కలిపి వడకట్టి, చల్లటి స్పిరిట్‌ను అంచు వెంట జారవిడిస్తే తెల్లటి పోగులు పైకి తేలతాయి. సబ్బు కణాల కొవ్వు పొరను విప్పుతుంది, స్పిరిట్‌లో డీఎన్‌ఏ కరగక బయటపడుతుంది.

గీసుకోవలసిన గీతలు

ఊరి ప్రయోగశాల చేయకూడని పనులు గోడ మీద రాసి ఉండాలి.

మనుషుల రక్తం, కఫం, మలం నమూనాలు తీసుకోకూడదు. అది వైద్య ప్రయోగశాలల పని. వాటి వ్యర్థాలకు 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. జీవుల జన్యువులను మార్చే ప్రయోగాలు చేయకూడదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాల ప్రకారం వాటికి సంస్థాగత భద్రతా సంఘం, అనుమతులు కావాలి. ట్రైకోడెర్మాను పెంచి అమ్మకూడదు. 1968 పురుగుమందుల చట్టం కింద దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి.

మట్టి నుంచి, నీళ్ల నుంచి ఏం పెరిగిందో తెలియని పళ్లేన్ని తెరవకూడదు. అంచుకు టేపు వేసి బయటి నుంచే చూడాలి. పని ముగిశాక ప్రతి పళ్లేన్నీ కుక్కర్‌లో అరగంట ఉడికించాకే పారేయాలి. ఈ గదిలో అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం సూక్ష్మజీవుల వల్ల రాదు. స్పిరిట్ పక్కన మంట వల్ల వస్తుంది. తుడిచిన స్పిరిట్ పూర్తిగా ఆరాకే దీపం వెలిగించాలి. గదిలో తినకూడదు, తాగకూడదు. వంటకు వాడే కుక్కర్‌ను ఇక్కడికి తెచ్చి మళ్లీ ఇంటికి తీసుకెళ్లకూడదు.

నమ్మకం ఎలా కుదురుతుంది?

ఆళ్లగడ్డలో గది ఉందనుకుందాం. దాని లెక్కలు ఎవరు నమ్మాలి? ఇక్కడే నంద్యాల దగ్గరగా ఉండటం కలిసొస్తుంది. ప్రతి పది నమూనాల్లో ఒకదాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ఆళ్లగడ్డలో, రెండో భాగాన్ని నంద్యాల పరిశోధనా స్థానంలోనో, ప్రభుత్వ పరీక్ష కేంద్రంలోనో చేయించాలి. ఏ కంపెనీ సరుకో చెప్పకుండా అంకె వేసి పంపాలి. రెండు చోట్లా ఫలితాలు దగ్గరగా వస్తే ఊరి ప్రయోగశాలకు విలువ వస్తుంది. రాకపోతే ఎక్కడ తప్పు జరిగిందో వెతికి సరిచేసుకోవచ్చు.

ఈ ఫలితాలు కోర్టులో సాక్ష్యం కావు. విత్తనం మీద చర్య తీసుకోవాలంటే 1966 విత్తన చట్టం ప్రకారం అధికారి తీసిన నమూనా, గుర్తింపు పొందిన ప్రయోగశాల నివేదిక కావాలి. ఊరి ప్రయోగశాల చేసేది అంతకు ముందటి పని. 'ఈ సరుకు మీద అనుమానం ఉంది, నమూనా తీయండి' అని వ్యవసాయ అధికారిని అడగడానికి ఆధారం ఇస్తుంది. అంగడి యజమాని పేరు పెట్టి ప్రకటించకూడదు. పొడి చచ్చింది కంపెనీలోనా, లారీలోనా, గోదాములోనా అన్నది ఒక్క పళ్లెం చెప్పలేదు. అంగడివాళ్లనూ పిలిచి పళ్లెం చూపిస్తే, సరుకును నీడలో పెట్టడం వాళ్లకూ లాభమని అర్థమవుతుంది.

దీన్నుంచి వచ్చే ఫలితం మెల్లగా వస్తుంది. మొదటి ఏడాది పళ్లేల్లో సగం గాలి బూజుతో పాడవుతాయి. రెండో ఏడాది లెక్కలు కుదురుతాయి. మూడో ఏడాదికి బ్యాచ్ నంబర్లు, తేదీలు, వేడి, మొలక శాతాలతో ఆళ్లగడ్డ గురించి ఆళ్లగడ్డ వాళ్లే రాసుకున్న నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. అందులో చెడిన పళ్లేలు కూడా చెడినట్టే రాసి ఉండాలి. విత్తనం, మందు, నీళ్ల మీద ఇన్నాళ్లూ ఇతరుల మాట విన్న మనుషులు, ఆ పుస్తకం చేతిలో ఉంటే అధికారినైనా కంపెనీ ప్రతినిధినైనా సరైన ప్రశ్న అడగగలుగుతారు. ఎన్ని పొట్లాలు పరీక్షించారు, పోలిక పళ్లెం పెట్టారా, లెక్క ఎంత వచ్చింది అని అడిగే రైతు, అలా అడగడం నేర్చుకున్న బడి పిల్లవాడు ఊరికి ఉండటమే ఈ గది అసలు రాబడి. ఆ రాబడి కోసం ముప్ఫై వేల రూపాయలు, ఒక మనిషి జీతం పెట్టుబడిగా పెట్టడం ఏ ఊరికైనా న్యాయమైన ఖర్చే.